నాలుగో అంకంలో చప్పట్లు లేవు

పోయిన వారం ఒనెజీమ్ బ్రుషేని మదాం వాల్‌దోరె గది తలుపు ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, టోపీ చేతిలో పట్టుకుని వారం రోజుల్నుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు. ముందు అతన్ని లోపలికి పంపాలి. అతను తలుపు తట్టేలోపల, మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

ఒనెజీమ్ పారిస్‌లో ఆ ఒపేరా హాలుకి చప్పట్ల మేస్త్రీ. బాక్సుల్లో కూర్చునే గొప్పవాళ్ళు తెల్ల చేతితొడుగులు నలుగుతాయని చేతులు కలపరు. అందుకని హాలు మధ్యలో, పెద్ద దీపాల గుత్తి కింద, మేస్త్రీ తన మనుషులతో కూర్చుంటాడు. ఎక్కడ చప్పట్లు పడాలో, ఎక్కడ ఏడవాలో, ఎక్కడ 'మళ్ళీ మళ్ళీ' అని అరవాలో అతను సైగ చేస్తే అతని మనుషులు చేస్తారు. వాళ్ళని చూసి మిగతా హాలు చేస్తుంది. ఒనెజీమ్ చేతులు రొట్టెలవాడు పొయ్యిలోకి తోసే చెక్కల్లా ఉంటాయి. ఒకసారి ఊపుమీదుండి కొడితే పైన దీపాలు మూడు ఆరిపోయాయని చెప్పుకుంటారు. అది ఉత్తమాట. ఆరినవి రెండే.

అతని భార్య అర్మాంద్ మాటల నాటకాల్లో వేషాలు కట్టేది. నది అవతలి ఒడ్డున, వాళ్ళ కూతురు జెలీ ఇంకా ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో, 'మోర్వాల్ దొరసాని' అనే నాటకం ఆడింది. పాత యుద్ధాల కాలం కథ. రాజు సైన్యం మోర్వాల్ కోటని చుట్టుముడుతుంది. దొరసానిని అప్పగిస్తే ఊరిని వదిలేస్తామంటారు. అప్పుడు పనిపిల్ల అలీన్, దొరసాని నిలువుటంగీ తను కప్పుకుని, దొరసానిని నేనేనంటూ చావుకి వెళ్ళిపోతుంది. అలీన్ వేషం అర్మాంద్‌ది. ఆ ఘట్టంలో ఒక్క మాట లేదు. గడియ తీసేది, తలుపు తెరిచేది, వెళ్ళిపోయేది. హాలంతా ఊపిరి బిగబట్టేది.

అర్మాంద్ పోయింది. నాటకం ఇన్నేళ్ళకి ఒపేరా అయింది. ఒపేరాలో ఊరికే తలుపు తీసుకుని వెళ్ళిపోతే ఎవరూరుకుంటారు? నాటకంలో మౌనం ఉన్నచోట స్వరకర్త పాట పెట్టాడు. పాట అయ్యాక చప్పట్ల కోసం కాస్త ఖాళీ పెట్టాడు. అక్కడ వాద్యాలవాళ్ళని నడిపించే కండక్టర్ కర్ర ఎత్తి ఆగాలి. అలీన్ వేషం జెలీకే వచ్చింది. దొరసాని వేషం మదాం వాల్‌దోరెది. నిన్నటి ఆఖరి రిహార్సల్లో జెలీ పాడుతుంటే వడ్రంగులు సుత్తులు కింద పెట్టారు. ఆ సంగతి మదాం చెవిన పడింది. మేస్త్రీకి కబురొచ్చింది.

ఇక తలుపు తట్టొచ్చు.

"రా బ్రుషే" అంది మదాం వాల్‌దోరె. అద్దం ముందు కూర్చుని పచ్చి గుడ్డు పగలగొట్టి నోట్లోకి వంపుకుంటోంది, గొంతు కోసం. "అక్కడే ఆగిపోయావేం? నీ చేతులు గుమ్మంలో పట్టవా?"

"పక్కకి తిరిగితే పడతాయి మదాం."

మూల పెట్టె మీద డైరెక్టర్ మస్యో పెలగ్రాన్ కూర్చుని ఉన్నాడు. సొంత హాల్లో చుట్టం చూపుకొచ్చినవాడిలా మోకాళ్ళు దగ్గరపెట్టుకుని కూర్చున్నాడు.

"రాత్రికి మొదటి అంకంలో నేను రాగానే ఏంటి?" అంది మదాం.

"వాన మొదలైనట్టు మదాం. మెల్లిగా మొదలై దంచికొడుతుంది."

"మూడో అంకంలో?"

"వడగళ్ళు. ఏడ్చేవాళ్ళు నలుగురు. ఒకామె మూర్ఛపోతుంది. మరీ పెద్ద మూర్ఛ కాదు, చుట్టుపక్కల వాళ్ళు పాట వినాలి కదా."

"అయిదో అంకంలో, ఆ పిల్ల శవం మీద పడి నేను ఏడ్చే పాటకి?"

"నిలబడి కొడతాం."

మదాం గుడ్డు పెంకు పక్కన పెట్టి వేళ్ళు తుడుచుకుంది. "మరి నాలుగో అంకంలో మీ అమ్మాయి పాటకి?"

ఒనెజీమ్ టోపీని ఒక చుట్టు తిప్పాడు. "చిన్న జల్లు మదాం. మర్యాదకి."

"వద్దు. ఒక్క చినుకు కూడా పడకూడదు."

గదిలో గ్యాసు దీపం బుసబుసమంది. మదాం గొంతు పెంచలేదు, పెంచే అవసరం ఆమెకి ఎప్పుడూ రాలేదు. "పాట అయ్యాక కండక్టర్ కర్ర పైకెత్తి ఆగుతాడు. స్వరకర్త అలాగే రాశాడు. నేను కండక్టర్‌తో మాట్లాడాను. ఇంకాస్త ఎక్కువసేపు ఆగమన్నాను. అందరూ ఆ నిశ్శబ్దాన్ని బాగా వినాలి."

"మదాం, అది పసిపిల్ల..."

"నేనూ పసిపిల్లనే అప్పుడు. నా పాటప్పుడు నీకు ముందున్న మేస్త్రీ దగ్గొచ్చినట్టు నటించాడు. బతికి బట్టకట్టాను. చూడు, బతికున్నాను కదా?"

ఒనెజీమ్ డైరెక్టర్ వైపు తిరిగాడు. "మస్యో, హాలు మీదే కదా?"

"హాలు నాదే బ్రుషే" అన్నాడు పెలగ్రాన్, తన బూట్లని చూసుకుంటూ. "జనం మాత్రం మదాం వైపు. నువ్వు ఇవాళ ఊరుకున్నావనుకో, అమ్మాయి రేపట్నుంచి కోరస్‌లో వెనక వరసలో ఉంటుంది. జీతం ఉంటుంది, పండక్కి సెలవుంటుంది. నువ్వు కొట్టావనుకో, రేపు నీ చోట ఇంకో మేస్త్రీ కూర్చుంటాడు. అమ్మాయి ఏ ఊళ్ళోనూ పాడదు. ఉత్తరాలు రాస్తాం కదా మేం డైరెక్టర్లం ఒకరికొకరం."

పాతికేళ్ళు మంది కోసం వానలు కురిపించిన మనిషి. సొంత పిల్ల కోసం ఒక్క చినుకు అడగలేకపోయాడు.

"అలాగే మదాం" అన్నాడు.

తలుపు తీసేసరికి ఎదురుగా జెలీ. నాలుగో అంకంలో కప్పుకోవాల్సిన దొరసాని నిలువుటంగీ మదాం గదిలోనే ఉంటుంది. దాని కోసం వచ్చింది. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపట్నుంచీ ఉందో ఆమె ముఖంలో రాసే ఉంది.

"తీసుకెళ్ళు పిల్లా" అంది మదాం అద్దంలోంచి. "మెట్ల మీద ఈడ్చకు. ఆ ముఖమల్ లియోన్ నుంచి తెప్పించాను."

జెలీ అంగీని చేతుల మీద వేసుకుని మెట్లు దిగింది. ఒనెజీమ్ వెనకే దిగాడు. రంగస్థలం వెనక మెట్ల దగ్గర ఆ వేళప్పుడు ఎవరూ ఉండరు, పనివాళ్ళంతా సూపు తాగడానికి పోతారు. జెలీ మలుపులో ఆగింది.

"చిన్న జల్లు అన్నావు నాన్నా."

"నీకు అంతే వినపడిందా?"

"అంతా వినపడింది. నాకు కావలసింది అదొక్కటే. మర్యాదకి చిన్న జల్లు అన్నావు. అమ్మకి మాటిచ్చావు నువ్వు. నా పాటకి నీ చెయ్యి తగలనివ్వనని."

"ఇచ్చాను తల్లీ."

"చచ్చిపోయే ముందు అమ్మ నాతో ఏమందో తెలుసా? 'మీ నాన్న చప్పట్లు కొడితే అది సొంతమో కూలో నాకే తెలిసేది కాదు, నీకా గొడవ లేకుండా చేశాను' అంది. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ పాడాను. నాకొచ్చినవి నావే అనుకున్నాను." అంగీని చేతుల మీద సర్దుకుంది. "రువాన్‌లో?"

ఒనెజీమ్ గోడ మీద గ్యాసు గొట్టాన్ని శ్రద్ధగా చూడసాగాడు. "రువాన్‌లో నువ్వు పాడినప్పుడు నాకు కీళ్ళ నొప్పులు. మంచం మీదున్నాను. నువ్వే కషాయం కాచిపెట్టి వెళ్ళావు."

"తాగావా?"

"తాగాను."

"నేను తిరిగొచ్చేసరికి గిన్నె నిండా అలాగే ఉంది. చేదుగా ఉందని మానేశావనుకున్నాను. రైలెక్కావా నాన్నా?"

మంచి అబద్ధం ఒకటి కావాలి. అతని దగ్గర ఎప్పుడూ బస్తాడు ఉండేవి. ఆ పూట తడిమితే ఒక్కటీ తగల్లేదు.

"నీ పెట్టెకి బాగా వెనక. మూడో తరగతిలో."

"ఒక్కడివేనా?"

"మా జట్టులో ఫుల్జాన్స్ వచ్చాడు. ఇంకా కొంతమంది... వాళ్ళూ రువాన్ చూడలేదన్నారు."

"ఓర్లెయాన్‌లో?"

"ఓర్లెయాన్ కూడా చూడలేదన్నారు."

జెలీ అంగీని గట్టిగా గుండెకి హత్తుకుంది. "రువాన్‌లో ఒక ముసలామె. ఊదారంగు శాలువా. నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. 'నీ గొంతు వింటుంటే చచ్చిపోయిన నా కూతురు గుర్తొచ్చింది తల్లీ' అంది. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం చర్చిలో ఆ కూతురి పేర కొవ్వొత్తి వెలిగిస్తున్నాను. ఆమె ఎవరు నాన్నా?"

"జెలీ, పోనీలే అమ్మా..."

"ఎవరు?"

"ఫుల్జాన్స్ అత్తగారు. ఆమెకి ఒక్కతే కూతురు. ఫుల్జాన్స్ పెళ్ళాం. బాగానే ఉంది." ఇంకేదో చెబితే కాస్త తేలికవుతుందనుకున్నాడు పిచ్చివాడు. "లావుగా కూడా ఉంది."

జెలీ నవ్వింది. పడిపడి నవ్వింది. ఆ నవ్వు మెట్ల మీదినుంచి కిందిదాకా దొర్లుకుంటూ పోయింది. ఏడ్చి ఉంటే ఒనెజీమ్‌కి ఏం చెయ్యాలో తెలిసేది, ఏడ్చేవాళ్ళని సముదాయించడం అతని వృత్తిలో భాగం.

"నాకు జరిగినవాటిలో ఒక్కటంటే ఒక్కటి నిజం ఉందా?"

"నిన్నటి వడ్రంగులు" అన్నాడు గబుక్కున. "అది నేను కాదు. ఒట్టు. నేనూ చూస్తూ ఉండిపోయాను."

"ఎవరి మీద ఒట్టు? అమ్మ మీదా?"

ఒనెజీమ్ టోపీ చంకలో పెట్టుకున్నాడు.

"సరే. రాత్రికి తెలుసుకుంటాను" అంది జెలీ. "ఆవిడ కొట్టొద్దంది. నేనూ వద్దంటున్నాను. ఆవిడ కోసం కాదు, నా కోసం ఊరుకో. నువ్వు చెయ్యి కదిపావంటే నేను నీ కూతుర్ని కాను."

"వినవే, నీకు తెలీదు." అతను మెట్టు దిగి ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు. "వాళ్ళకి చేతకాదు తల్లీ. కొట్టాలని ఉన్నా కొట్టలేరు. పాతికేళ్ళుగా వాళ్ళ చేతుల పని నేనే చేశాను. ఏది బాగుందో నన్ను చూసి తెలుసుకుంటారు. నేనూరుకుంటే, బాగాలేదు కాబోలు అనుకుంటారు. అంతే. నిజం చెప్తున్నాను."

"ఒక్కరైనా ఉంటారు."

"ఉండరు."

"ఒక్కరు నాన్నా. అంత పెద్ద హాల్లో ఒక్కరుండరా?"

"ఆ ఒక్కరు కొడితే చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూస్తారు. ఈ ఊళ్ళో అలా చూపించుకోవడం కంటే జనం సెయిన్ నదిలో దూకుతారు."

ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలీదు. నోటికి అలా వచ్చింది. తరవాత, బతికినన్నాళ్ళూ, ఆ మాట నోట్లోకి తిరిగి తోసేసుకోవాలని చూశాడు.

జెలీ అతని పెద్ద చేతుల్ని తీసుకుని, చిన్నపిల్లల చేతులు కట్టినట్టు, ఒకదాని మీద ఒకటి పెట్టింది. "ఇలా ఉంచు" అని చెప్పి వెళ్ళిపోయింది. అంగీ అంచు మెట్ల మీద తగలకుండా ఎత్తి పట్టుకునే వెళ్ళింది.

సాయంత్రం ఎప్పట్లాగే హాలు వెనక ద్రాక్షసారా కొట్లో మేస్త్రీ మనుషులు చేరారు. ఏడ్చేవాళ్ళు ఒక బల్ల దగ్గర, నవ్వేవాళ్ళు ఒక బల్ల దగ్గర. ఏడ్చేవాళ్ళ బల్ల దగ్గర ఎప్పుడూ నవ్వులే. ఫుల్జాన్స్ విగ్గుల పనివాడు. తన తల మీద మాత్రం ఒక్క వెంట్రుక లేదు. మేస్త్రీకి కుడిభుజం అతను.

ఒనెజీమ్ మొదటి అంకం చెప్పాడు. రెండోది చెప్పాడు. మూడోదానికి మూర్ఛ ఎవరిదో చెప్పాడు.

"నాలుగో అంకంలో చేతులు జేబుల్లో" అన్నాడు.

"ఎక్కడ?" అన్నాడు ఫుల్జాన్స్.

"పాట తరవాత."

"మేస్త్రీ, అది మన జెలీ పాట."

"తెలుసు. నా కూతురే."

కొట్లో గ్లాసుల చప్పుడు ఆగింది. వెనకనుంచి ఎవరో "జేబుల్లేనివాళ్ళు ఏం చెయ్యాలి మేస్త్రీ?" అన్నాడు. ఒకరిద్దరు నవ్వబోయి మేస్త్రీ ముఖం చూసి గ్లాసుల్లోకి దూరారు.

ఊదారంగు శాలువా ముసలామె లేచి వచ్చింది. "నేను ఏడుస్తాను నాయనా. ఊరికే ఏడుస్తాను, కూలి వద్దు. రువాన్‌లో మొదట నీకోసమే మొదలెట్టాను గానీ, తరవాత ఆపుకోలేకపోయాను. నిజం."

ఒనెజీమ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఆ మాట దానికి చెప్పు అమ్మా, ఎప్పుడైనా. ఇవాళ మాత్రం ఏడవకు. నువ్వేడిస్తే అసలు ఒప్పుకోదు."

రాత్రి హాలు నిండింది. ఎంత నిండిందంటే, మూడో అంతస్తులో ఒక లావుపాటాయన తుమ్మితే అదే వరసలో చివరాయన టోపీ కింద పడింది. మొదటి అంకంలో వాన కురిసింది. మూడో అంకంలో వడగళ్ళు పడ్డాయి, మూర్ఛ చక్కగా కుదిరింది. మదాం వాల్‌దోరె బాగా పాడింది. అది ఒప్పుకోవాలి. ఆమె గొంతు మంచిదే, ఆ గొంతుకి ఎవరినీ చంపాల్సిన పని లేదు.

నాలుగో అంకం. కోట గోడ, చిన్న తలుపు, ఒక్క దివిటీ. జెలీ దొరసాని అంగీ కప్పుకుని వచ్చింది. వాళ్ళమ్మకంటే పొట్టి, అందుకని అంగీ కాస్త నేలని తాకింది.

పాడింది.

ఎలా పాడిందో చెప్పడం మాత్రం మన వల్ల కాదు. దీపాలు ఆరిపోయాయనో, గోడలు కదిలాయనో చెప్పొచ్చు, కానీ అవేమీ జరగలేదు. ఒక పిల్ల చావడానికి వెళ్తూ, తలుపు అవతల చలిగా ఉంటుందేమోనని భయపడుతోంది. అంతే ఆ పాట. చావంటే భయం లేదు, చలంటే భయం. బాక్సుల్లో విసనకర్రలు ఆగిపోయాయి. ఒనెజీమ్ పక్కన కూర్చున్న ఫుల్జాన్స్ బట్టతల మీద చెమట పట్టింది.

చివరి స్వరం సన్నగా తెగింది. కండక్టర్ కర్ర పైకెత్తి ఆగాడు.

నిశ్శబ్దం.

ఒనెజీమ్ చేతులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, జెలీ పెట్టినట్టే. వాటి మీద తనే కూర్చున్నంత బరువు. తల ఎత్తి చూశాడు. చూసి ఉండకపోతే బాగుండేది.

హాలంతా అతన్నే చూస్తోంది. ఎడమ బాక్సులో ఒక ముసలి ప్రభువు తెల్ల చేతితొడుగు సగం ఎత్తి, మేస్త్రీ వైపు తల తిప్పి, కనుబొమ్మలతో అడుగుతున్నాడు. ఇక్కడేనా? ఇప్పుడేనా? అతని పక్కనామె కళ్ళు తడిగా ఉన్నాయి, ఆమె కూడా దీపాల గుత్తి కిందికే చూస్తోంది. వరస తరవాత వరస, అంతస్తు మీద అంతస్తు, ముఖాలన్నీ రంగస్థలం మీదినుంచి తిరిగి ఒక్కడి వైపు చూస్తున్నాయి. అందరి చేతుల్లోనూ చప్పట్లున్నాయి. ఒక్కరికీ మొదలుపెట్టడం రాదు.

రంగస్థలం మీదినుంచి జెలీకి అదే కనపడింది. పాడింది తను. హాలు చూస్తోంది నాన్నని.

ఆమె కూడా నాన్న వైపే చూసింది. ఆ చూపు 'కదలకు' అందో, 'నాన్నా' అందో, ఒనెజీమ్ ఎంత వెతికినా తేల్చుకోలేకపోయాడు. ముసలి ప్రభువు చెయ్యి మెల్లిగా ఒళ్ళోకి దిగిపోయింది. బాగాలేదు కాబోలు. ఎవరో దగ్గారు. విసనకర్రలు మళ్ళీ కదిలాయి. అప్పుడు, మదాం చెప్పిన దానికంటే కూడా ఇంకాస్త ఆగి, కండక్టర్ కర్ర దించాడు.

జెలీ గడియ తీసింది. తలుపు తెరిచింది. వెళ్ళిపోయింది. అచ్చం అర్మాంద్ వెళ్ళినట్టు, వెనక్కి చూడకుండా. ఆ నడక ఎవరూ నేర్పలేదు దానికి.

తెర పడగానే ఒనెజీమ్ వరసలు తోసుకుంటూ బయటపడ్డాడు. విరామంలో మేస్త్రీ చోటు వదలకూడదు, పాతికేళ్ళలో వదల్లేదు. రంగస్థలం వెనకనుంచి నటులు వచ్చిపోయే తలుపు దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ కాపలా ఉండే మదాం ట్రుష్ కుంపటి మీద చెస్ట్‌నట్ కాయలు కాలుస్తోంది.

"మా అమ్మాయి?"

"వెళ్ళిపోయిందయ్యా. ఆ అంగీతోనే. ఇంకా అయిదో అంకం ఉంది కదా, శవం వేషం ఎవరేస్తారే అన్నాను. వినిపించుకోలేదు. 'బయట చలిగా ఉందా?' అని అడిగింది. ఉంది అన్నాను. మంచు పడుతోంది కదా మరి."

"ఏమైనా చెప్పిందా?"

"చెప్పింది. 'మా నాన్న మాట నిలబెట్టుకున్నాడని చెప్పు' అంది. ఏం మాటయ్యా?"

"ఎటు వెళ్ళింది?"

ఆమె చేతిలో పటకారుతో నది వైపు చూపించింది.

వెనకనుంచి డైరెక్టర్ పెలగ్రాన్ ఆయాసపడుతూ వచ్చాడు. "బ్రుషే! ఇక్కడేం చేస్తున్నావ్? గంట కొట్టేస్తున్నారు, పోయి నీ చోట కూర్చో. మీ అమ్మాయి గురించి బెంగపడకు, శవానికి ఒక కోరస్ పిల్లని పడుకోబెట్టాం. ముఖం మీద గుడ్డే కదా, ఎవరైతే ఏంటి? నువ్వు లేకపోతే మదాం పాటకి ఎవరు..."

అతని మాట అక్కడే తెగిపోయింది. హాల్లోంచి ఏదో చప్పుడు.

ముందు ఒక్కటి. పైన ఎక్కడో, చవక సీట్ల వైపునుంచి. తరవాత ఇంకొకటి, వేరే మూలనుంచి. "ఆ పిల్లని పిలవండి!" అని ఒక ఆడగొంతు అరిచింది, వంటమనిషి గొంతులా. ఇంకో రెండు. పది. ఒకదానికొకటి పొసగకుండా, ఒకటి ముందూ ఒకటి వెనకా, వట్టి చేతులూ తొడుగుల చేతులూ, కాళ్ళు నేలకేసి బాదడం, కర్రలు, విసనకర్రలు. ఒనెజీమ్ తల వంచి విన్నాడు. కూలి చప్పట్లు ఒక్కసారి మొదలై ఒక్కసారి ఆగుతాయి. వాటిని అతనే తయారుచేశాడు, చీకట్లో అయినా గుర్తుపడతాడు. ఇవి అవి కావు. ఈ చప్పట్లకి మేస్త్రీ లేడు.

దీపాల గుత్తి కింద అతని సీటు ఖాళీగా ఉంది. చూడ్డానికి ఎవరూ లేరు. అందుకని వాళ్ళకి చేతులు గుర్తొచ్చాయి.

"జెలీ! జెలీ!" అని హాలు అరుస్తోంది.

డైరెక్టర్ ముఖం రంగు మారింది. "పిలువు బ్రుషే! ఎక్కడుందో పిలువు! మూడుసార్లు తెర ఎత్తించి వందనాలు చేయిద్దాం, మదాం సంగతి నేను చూసుకుంటాను, పిలవ్వయ్యా!"

ఒనెజీమ్ అప్పటికే మంచులో ఉన్నాడు.

చిన్న అడుగుల జాడ వీధి దాటింది, మలుపు తిరిగింది. పక్కన అంగీ అంచు ఈడ్చిన గీత. ఇప్పుడు ఎత్తి పట్టుకోవడం లేదు పిల్ల. వంతెన ఎక్కింది. ఒనెజీమ్ పరిగెత్తాడు, జారాడు, లేచాడు. హాలు అంత దూరంలో ఉంటే వంతెన మీదికి చప్పట్లు వినపడవంటారు తెలిసినవాళ్ళు. అతనికి వినపడ్డాయి. అడుగడుగునా వినపడ్డాయి.

వంతెన మధ్యలో అడుగుల జాడ ఆగిపోయింది. రాతి గోడ మీద ఎర్ర ముఖమల్ అంగీ ఉంది. నాలుగు మడతలు వేసి, అంచులు కలిపి, అరువు తెచ్చుకున్న వస్తువుని తిరిగిచ్చేసినట్టు పెట్టి ఉంది. దాని మీద అప్పుడే పలచగా మంచు పేరుకుంటోంది.

గోడ మీంచి వంగి చూశాడు. కింద నల్లటి నీళ్ళు, ఒడ్డున కట్టేసిన పడవల నీడలు. పేరు పెట్టి పిలవబోయాడు. పాతికేళ్ళుగా అతను నోటితో ఏమీ చెప్పలేదు, చెప్పిందంతా చేతులతోనే.

చేతులు ఎత్తాడు. కొడితే తను కూతురు కానంది. కొట్టకపోతే కూతురే ఉండదు.

కొట్టాడు.

వంతెన కింద నిద్రపోతున్న పావురాలన్నీ ఒక్కసారి లేచి మంచులోకి ఎగిరిపోయాయి. ఆ చప్పుడు నీళ్ళ మీద పోయి అవతలి ఒడ్డుకి తగిలి తిరిగొచ్చింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ. జీవితంలో మొదటిసారి ఎవరూ కూలివ్వకుండా, ఎవరూ సైగ చెయ్యకుండా, అరచేతులు పగిలేలా కొట్టాడు.

కిందినుంచి, పడవల మధ్య చీకట్లోంచి, ఒక మగ గొంతు కోపంగా అరిచింది.

"ఎవడయ్యా పైన చప్పట్లు కొట్టేది? సిగ్గులేదూ? ఆ చేతుల్లో దీపం పట్టుకుని దిగు, తొందరగా! ఇక్కడ నీళ్ళలో మనిషి ఉంది!"